ఊసరవెల్లికి జబ్బు చేస్తే: తిరుపతి ఎండల్లో ముందు నీళ్లు, ఆ తర్వాతే మందు

పెంపుడు ఊసరవెల్లికి ఒంట్లో బాగోలేదని ఇంట్లోవాళ్లకు తెలిసేసరికే ఆ జబ్బు మొదలై చాలా రోజులై ఉంటుంది. కుక్క అయితే మూలుగుతుంది, పిల్లి అయితే తిండి మానేసి ఓ మూలకు చేరుతుంది. ఊసరవెల్లి మాత్రం కొమ్మ పట్టుకుని ఎప్పటిలాగే కనిపిస్తుంది. నీరసంగా ఉన్న జీవిని పాములు, డేగలు ముందు పట్టేస్తాయి కాబట్టి బలహీనతను చివరిదాకా దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఇక దాచుకోలేని స్థితికి వచ్చిన రోజున మనకు తెలుస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఈరోజే ఇలా అయింది" అని డాక్టర్ దగ్గర చెప్పే మాట దాదాపు ఎప్పుడూ నిజం కాదు.

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు కళ్లు. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పగలంతా రెండు కళ్లనూ విడివిడిగా తిప్పుతూనే ఉంటుంది. పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చుందంటే సమస్య ఉన్నట్టే. అది కునుకు అనుకుని వదిలేయకూడదు. కనుగుడ్లు లోపలికి పోయి ఉంటే ఒంట్లో నీళ్లు తగ్గాయని అర్థం. రెట్టతోపాటు వచ్చే తెల్లటి ముద్ద పసుపు రంగులోకో నారింజ రంగులోకో మారినా అదే సంగతి. ఒళ్లు ముదురు రంగులోనే ఉండిపోవడం కూడా ఒక సూచనే కానీ, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఊసరవెల్లి చర్మంలో సన్నటి స్ఫటికాలు ఉన్న కణాలు ఉంటాయని, వాటి మధ్య ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాంథర్ ఊసరవెల్లుల మీద చేసిన పరిశోధనలో తేల్చారు. చలేసినా, భయమేసినా, ఎదురుగా మరో ఊసరవెల్లి కనిపించినా రంగు మారుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు నల్లబడి ఎండకు ఒళ్లు తిప్పుకోవడం మామూలే. రోజంతా నల్లగా ఉండి, కదలక, తిండి వంక చూడకపోతేనే టెన్షన్ పడాలి.

ప్రపంచంలో పెంపుడు ఊసరవెల్లులుగా ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి యెమెన్, సౌదీ అరేబియా నైరుతి కొండల నుంచి వచ్చిన వీల్డ్ ఊసరవెల్లి, రెండోది మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లి. వీటి పెంపకం గురించి ఇంగ్లిష్‌లో దొరికే సలహాలు చాలావరకు చలి దేశాల వాళ్లు రాసినవి. గదిని ఎలా వేడి చేయాలి, ఎన్ని వాట్ల బల్బు పెట్టాలి, రాత్రి చలికి ఏం చేయాలి అన్నదే వాళ్ల బాధ. ఆ సలహాలను తెచ్చి తిరుపతి మే నెలలో పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటే రోజులు ఎన్నో ఉంటాయి. వీల్డ్ ఊసరవెల్లి ఎండ కాచుకునే చోట 30 నుంచి 33 డిగ్రీలు చాలు, 38 దాటితే ప్రమాదం మొదలైనట్టే. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వేడి బల్బు తీసి పక్కన పెట్టాలి.

పగటి వేడి కంటే రాత్రి వేడిని జనం తక్కువగా పట్టించుకుంటారు. యెమెన్ కొండల్లో పగలు ఎండ కాసినా రాత్రి బాగా చల్లబడి పొగమంచు కమ్ముతుంది. ఆ చల్లటి, తేమ నిండిన రాత్రుల్లో దాని ఒంట్లోని నీరు పెద్దగా తగ్గదు. తిరుపతి వేసవి రాత్రుల్లో ఆ చల్లదనం రాదు. పగలంతా కాలిన మిద్దె రాత్రంతా సెగ కక్కుతుంది. ఆ గదిలో ఊసరవెల్లికి విశ్రాంతి లేదు, రోజూ కొంచెం కొంచెం ఎండిపోతుంది. ఇలా చాలాకాలం గడిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఏసీ వేస్తే చల్లబడుతుంది కానీ గాలి పొడిబారుతుంది, కాబట్టి ఏసీ గదిలో పెట్టేవాళ్లు అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా తుంపర యంత్రం కూడా నడపాలి. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా కేజ్ మీద పడకూడదు. పాలమనేరు, మదనపల్లె వైపు ఈ లెక్క వేరు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లలో వేసవి రాత్రులు కూడా కాస్త నయం. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులే చూసుకోవాలి. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలోనే ఒకరి ఇంటి పద్ధతి మరొకరికి పనికిరాదు.

జబ్బు చేసిన ఊసరవెల్లి ఇంట్లో ఉంటే మొదట చేయాల్సింది దాన్ని చేతుల్లోకి తీసుకోవడం మానేయడం. ప్రేమతో నిమరడం కుక్కకు ఊరట, ఊసరవెల్లికి మాత్రం అది భయం. నాలుగు వైపులా గాలి ఆడే మెష్ కేజ్‌ను మనుషులు తక్కువగా తిరిగే చోట, కంటిమట్టం కంటే ఎత్తులో పెట్టాలి. గాజు తొట్టిలో గాలి నిలిచిపోతుంది, పైగా గాజులో తన నీడను చూసి అది మరో ఊసరవెల్లి అనుకుని బెదురుతుంది. లోపల మనీ ప్లాంట్, మందార లాంటి ఆకుల మొక్కలు ఉంచితే దాక్కోవడానికి చోటు ఉంటుంది. వీల్డ్ ఊసరవెల్లి ఆకులు కూడా తింటుంది కాబట్టి గన్నేరు, క్రోటన్ మొక్కలు పెట్టకూడదు.

తర్వాతి పని నీళ్లు. గిన్నెలో నీళ్లు పోసి పెడితే ఊసరవెల్లి తాగదు, అసలు అవి నీళ్లని కూడా చాలాసార్లు గుర్తించదు. ఆకుల మీద నిలిచిన చుక్కల్ని నాకి తాగడం దాని అలవాటు. ఖరీదైన డ్రిప్పర్ కొనక్కర్లేదు. శుభ్రంగా కడిగిన సెలైన్ బాటిల్‌ను, దాని సెట్‌ను కేజ్ పైన వేలాడదీసి, రెండు సెకన్లకు ఒక చుక్క ఆకు మీద పడేలా చక్రం తిప్పితే సరిపోతుంది. నీళ్లు తగ్గిన ఊసరవెల్లి ఒక్కోసారి చుక్కను చూసి చాలాసేపు ఊరకే ఉండి, ఆ తర్వాత తాగడం మొదలుపెట్టి ఆపకుండా తాగుతుంది. అందుకే అయిదు నిమిషాలు స్ప్రే కొట్టి "తాగలేదు" అనుకోవడం తొందరపాటు. గోరువెచ్చటి తుంపర ఇరవై నిమిషాలైనా పడాలి. బాత్‌రూమ్‌లో కుండీ మొక్క మీద కూర్చోబెట్టి, షవర్ నీళ్లు గోడకు కొట్టి, చిందే తుంపర మాత్రమే దాని మీద పడేలా చేయడం మంచి పద్ధతి. నీళ్లలో ముంచి స్నానం చేయించకూడదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉండే వీధుల్లో తుంపర యంత్రం నాజిల్ వారానికోసారి మూసుకుపోతుంది, అక్కడ ఆర్వో నీళ్లు వాడితే ఈ బెడద ఉండదు.

నోరు తెరిచి సిరంజితో నీళ్లు పోయడం చాలామంది చేసే పని, చాలా ప్రమాదకరమైనది కూడా. ఊసరవెల్లి శ్వాసనాళం తెరుచుకునేది గొంతు లోపల కాదు, నోట్లోనే, నాలుక మొదట్లో. అటు పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లడానికి క్షణం చాలు, న్యుమోనియా అలాగే వస్తుంది. తప్పనిసరి అయితే పెదవి అంచున ఒక్కో చుక్క పెట్టి, అది మింగాక మరో చుక్క పెట్టాలి. పాలు పోయడం అసలు వద్దు. పాలను అరిగించుకునే శక్తి సరీసృపాలకు లేదు.

తిండి ఆ తర్వాతి సంగతి. పెద్ద ఊసరవెల్లి తినకుండా కొన్ని రోజులు ఉండగలదు, నీళ్లు లేకుండా ఉండలేదు. ఒంట్లో నీళ్లు లేనప్పుడు బలవంతాన తినిపిస్తే అరగదు సరికదా, మూత్రపిండాల మీద బరువు పెరుగుతుంది. రెట్టలో ముద్ద మళ్లీ తెల్లబడ్డాకే పురుగులు అందివ్వాలి.

ఈ విషయంలో చిత్తూరు ప్రాంతానికి ఉన్న ఒక వరం గురించి చెప్పుకోవాలి. విదేశాల్లో కోలుకుంటున్న ఊసరవెల్లికి పెట్టే మేలైన తిండి పట్టు పురుగులు. అవి మెత్తగా ఉంటాయి, వాటిలో నీటి శాతం ఎక్కువ, కొవ్వు తక్కువ. అక్కడ వాటిని డబ్బాల్లో కొని తెప్పించుకుంటారు. ఇక్కడ పాలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు మల్బరీ తోటలూ పురుగుల షెడ్లూ ఎన్నో ఉన్నాయి. తెలిసిన రైతును అడిగితే చిన్న సైజు పురుగులు దొరుకుతాయి. షెడ్లలో పురుగుల మీద, పడక మీద రోగాలు రాకుండా మందు పొడి చల్లుతారు కాబట్టి, చల్లినవి కాకుండా అడిగి తీసుకుని, తాజా మల్బరీ ఆకు మీద రెండు రోజులు విడిగా ఉంచి పెట్టాలి.

పొలం గట్ల మీది మిడతల విషయంలో మాత్రం ఆచితూచి వ్యవహరించాలి. మామిడి, టమాటా సాగు ఎక్కువగా ఉన్న చోట పురుగుమందు తగలని మిడతను వెతకడం కష్టం. మందు తిని తూలుతున్న పురుగు ఊసరవెల్లికి తేలిగ్గా దొరికే ఎర, అక్కడే ముప్పు ఉంది. జిల్లేడు చెట్ల మీద కనిపించే నీలం, పసుపు చారల పెద్ద మిడతకు మందుతో పనిలేకుండానే విషం ఉంటుంది. జిల్లేడు పాలలోని విషాన్ని అది ఒంట్లో దాచుకుంటుంది. మిణుగురులు కూడా పెట్టకూడదు. కొన్ని జాతుల మిణుగురుల్లో బల్లుల గుండెను ఆపేసే విషం ఉంటుంది.

ఎముకలు మెత్తబడే జబ్బు గురించి కొంచెం ఎక్కువగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇంట్లో పెంచే ఊసరవెల్లుల్ని కుంటివిగా చేసేది ఎక్కువగా ఇదే. కీచురాళ్లలో, ఇతర పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఊసరవెల్లికి కావాల్సింది దానికి తలకిందులు. పురుగుల మీద కాల్షియం పొడి చల్లకపోతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. కాల్షియం పెట్టినా అది ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి, అది చర్మంలో తయారు కావాలంటే ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు తగలాలి. ఈ జబ్బు వస్తే ముందు పట్టు సడలుతుంది, కొమ్మ మీది నుంచి జారుతుంది. నాలుక ఎర దాకా వెళ్లదు. తర్వాత ముంజేతులు విల్లులా వంగుతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, ఒళ్లు వణుకుతుంది. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. వైద్యంతో జరిగేది ఉన్న ఎముక గట్టిపడటం, అందుకు నెలలు పడుతుంది.

కిటికీ అద్దం వెనక నుంచి వచ్చే ఎండ ఈ జబ్బుకు పనికిరాదు, బి కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. ఆ బి కిరణాలిచ్చే యూవీబీ ట్యూబు లైటు కూడా వెలుగుతున్నంత కాలం పనిచేస్తుందని అనుకోకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది లోపల వెలుగు అలాగే ఉన్నా కిరణాల బలం పడిపోతుంది. తిరుపతిలో ఉండేవాళ్లకు దీనికంటే మంచి మందు మిద్దె మీదే ఉంది. చలి దేశాల్లో ఏడాదిలో సగం దొరకని ఎండ ఇక్కడ రోజూ ఉచితం. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ఎండలో పదిహేను, ఇరవై నిమిషాలు మెష్ కేజ్‌ను పెడితే చాలు. కేజ్‌లో సగం ఎప్పుడూ నీడలో ఉండాలి, పక్కనే మనిషి ఉండాలి. కాకులు, పిల్లులు ఎక్కడైనా ఉంటాయి, కొండ కింద వీధుల్లో కోతులు కూడా ఉంటాయి. గాజు తొట్టిని ఎండలో పెడితే కొద్ది నిమిషాల్లోనే లోపలి జీవి ఉడికిపోతుంది.

కాల్షియం పేరుతో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మెడికల్ షాపు మాత్రల్ని పొడి చేసి రోజూ చల్లడం ఒకటి. వాటిలో చాలావాటిలో డి3 కూడా కలిసి ఉంటుంది. అది రోజూ పడితే మోతాదు మించి, రక్తనాళాలు, మూత్రపిండాలు సున్నం పేరుకుని గట్టిపడతాయి. రెండోది ఇంట్లో ఉన్న తాంబూలం సున్నం వాడటం. అది నోటిని, పేగును కాల్చేస్తుంది. పిట్టల సామాన్లు అమ్మే షాపుల్లో దొరికే కటిల్ బోన్‌ను (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని గట్టి పెంకు) మెత్తగా నూరి చల్లడం మేలు, అందులో ఉండేది దాదాపు కాల్షియం కార్బొనేటే. డి3 ఉన్న పొడి నెలకు రెండుసార్లు చాలు.

ఊపిరితిత్తుల జబ్బు ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువగా చూడాల్సింది. ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కేజ్ ఆరదు, ఎండ ఉండదు. వేసవిలో పక్కన పెట్టిన బల్బు అవసరమయ్యే కాలం ఇదే. నోరు తెరవడం రెండు కారణాలతో జరుగుతుందని గుర్తుపెట్టుకుంటే అనవసరమైన భయం, అనవసరమైన నిర్లక్ష్యం రెండూ తప్పుతాయి. మధ్యాహ్నం వేడికి నోరు తెరిచి, నీడలోకి మార్చగానే మూసుకుంటే అది ఒళ్లు చల్లబరుచుకోవడమే. చల్లటి వేళ కూడా తల పైకెత్తి నోరు తెరిచి, శ్వాసలో టకటక శబ్దం, నోట్లో బుడగలు కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ముక్క చేసి వేయడం వల్ల ఒరిగేది లేదు. సరీసృపం ఒంటి వేడి గదిని బట్టి మారుతుంది, ఆ వేడిని బట్టే మందు పనిచేసే వేగం ఉంటుంది. కొన్ని ఇంజెక్షన్లు మూడు రోజులకోసారి మాత్రమే ఇస్తారు. ఒంటి వెనక భాగంలోని రక్తం ముందు మూత్రపిండాల వైపు వెళుతుంది కాబట్టి సూది ముందు కాళ్ల వైపే వేయించాలి. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు నీళ్లు తగ్గిన ఒంట్లోకి వెళితే మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి. ముందు నీళ్లు అని పదే పదే చెప్పడానికి ఇదొక కారణం.

దవడ కిందో, పాదం మీదో గడ్డ లేస్తే పూత మందులతో కరుగుతుందని ఎదురుచూడకూడదు. సరీసృపాల చీము ద్రవంగా ఉండదు, జున్నులా గట్టిపడి ఉంటుంది. డాక్టర్ కోసి తీయాల్సిందే.

ఆడ ఊసరవెల్లి తిండి మానేసి, కిందికి దిగి కేజ్ మూలలు గోకుతుంటే అది జబ్బు కాకపోవచ్చు. మగది తోడు లేకపోయినా వీల్డ్ ఆడవి గుడ్లు పెడతాయి. తవ్వుకోవడానికి అడుగు లోతు తడి ఇసుక ఉన్న డబ్బా ఇస్తే, ఎవరూ చూడకుండా ఉంటే, పని కానిచ్చుకుంటుంది. చోటు దొరకక గుడ్లు లోపలే ఉండిపోతే కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. ఒకటి రెండు రోజులు తవ్వి, గుడ్లు పెట్టకుండానే నీరసపడి కళ్లు మూస్తే ఎక్స్‌రే తీయించాలి.

వైద్యం విషయంలో తిరుపతికి అనుకూలత ఉంది. 1955 నుంచి ఇక్కడ వెటర్నరీ కాలేజీ ఉంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఏర్పడింది. మామూలు పశువుల డాక్టర్లు రోజూ చూసేవి ఆవులు, గొర్రెలు, కుక్కలే కాబట్టి, తీసుకెళ్లేవాళ్లు సరైన వివరాలతో వెళ్లాలి. కేజ్ ఫోటో, పగటి, రాత్రి ఉష్ణోగ్రతలు, ట్యూబు కొన్న తేదీ, ఇచ్చే పొడి డబ్బా, ఆరోజు రెట్ట ఒక చిన్న డబ్బాలో. బంగారం తూచే చిన్న స్కేల్ మీద వారం వారం తూచి రాసుకున్న బరువు వీటన్నిటికంటే విలువైనది. నెలలో పదో వంతు బరువు తగ్గిన సంగతి కంటికి కనిపించకపోవచ్చు, కాగితం మీద కనిపిస్తుంది.

కొందరు డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడానికి ఒక కారణం కాగితాలు లేకపోవడం. ఊసరవెల్లులన్నీ సైటెస్ ఒప్పందం (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించేది) పరిధిలోని జీవులు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవుల వివరాలు కేంద్ర ప్రభుత్వ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకపోవడమే మొదటి జాగ్రత్త. నమోదు లేని జీవి జబ్బు పడితే దాన్ని దాచిపెడతారు, చివరికి నష్టపోయేది ఆ జీవే.

శేషాచలం అడవుల్లో, మామిడి తోటల కంచెల్లో కనిపించే మన ఊసరవెల్లి సంగతి పూర్తిగా వేరు. ముందు అది ఊసరవెల్లేనా, తల ఊపుతూ గోడల మీద పరుగెత్తే తొండా అన్నది చూడాలి. జత వేళ్లతో కొమ్మను పట్టుకుని, తోకను చుట్టుకుని, ఊగుతూ నడిచేదే ఊసరవెల్లి. దానికి విషం లేదు. విషమని భయపడి రాళ్లతో కొట్టి చంపడం పల్లెల్లో ఇంకా ఉంది, గుడ్లు పెట్టడానికి నేలకు దిగి రోడ్డు దాటే ఆడవి బండ్ల కింద నలుగుతున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని పట్టడాన్ని, పెంచడాన్ని నిషేధించింది. దెబ్బ తగిలినదాన్ని జాలితో ఇంటికి తెచ్చినా, 48 గంటల్లోగా పోలీసులకో అటవీ అధికారులకో చెప్పాలి.

వాళ్లు వచ్చేదాకా చేయాల్సింది తక్కువే. గాలి రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెలో ఒక కొమ్మ అడ్డంగా కదలకుండా పెట్టి, దాన్ని ఎక్కించి, మూత వేసి చీకటిగా, చల్లగా ఉండే గదిలో ఉంచాలి. గాయానికి పసుపు, వేప నూనె పూయకూడదు. పురుగులు పెట్టొద్దు. ఆకు మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే చాలు. దొరికిన చోటు, చెట్టు ఏదో రాసి ఆ పెట్టె మీదే అతికించాలి. కోలుకున్నాక దాన్ని మళ్లీ వదలాల్సింది అక్కడే.